తన్నలేని దొర

ఆ రోజుల్లో మన సినిమాల్లో బ్రిటిష్ సిపాయిల్ని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమనేది. మొహానికి ఇంత పౌడరు కొట్టి, రాగిరంగు విగ్గు పెట్టి, వచ్చీరాని తెలుగు అరిపిస్తే దొర అయిపోయినట్టేనా అని డైరీలో పేజీలకి పేజీలు ఏడ్చేదాన్ని (బయట ఎవరితోనైనా అనే ధైర్యం ఏదీ). డిగ్రీ రెండో సంవత్సరంలో ఉన్నాను. అప్పుడే నెల్లిమర్ల దగ్గర స్వాతంత్ర్య పోరాటం సినిమా ఒకటి తీయడానికి వచ్చినవాళ్ళు, చీపురుపల్లిలో కిరాణా కొట్టు నడిపే మా మేనమామ పిల్లికళ్ళూ ఎర్రటి ఒళ్ళూ చూసి సిపాయి వేషం ఇచ్చేశారు. పన్ను కట్టని ముసలి రైతుని బూటుకాలితో తన్ని "గెటప్" అనాలి. మొహం దగ్గరగా చూపిస్తారట. ఇన్నాళ్ళకి ఒక నిజమైన సిపాయిని తెరకెక్కించే భాగ్యం నాకు దక్కిందనుకున్నాను. ఎన్నడూ నోరు విప్పని నేను క్లాసులో అందరికీ చెప్పి, మొదటి రోజు ఆటకి రమ్మన్నాను కూడా.

బేరాల్లేని మధ్యాహ్నాలు బియ్యం బస్తాల మధ్య మావకి శిక్షణ ఇచ్చాను. "పెదాలు పెద్దగా కదపకు మావా, దొరలు అలాగే మాట్లాడతారు" అంటే, "పెదాలు కదపకపోతే మాటెలాగొస్తాదే గుంటా" అనేవాడు. అయినా నేర్చుకున్నాడు.

షూటింగు రోజున "గెటప్" అద్భుతంగా పలికింది. కాలూ బాగానే లేచింది. కానీ బూటు రైతు భుజానికి తగిలిందో లేదో, మావ చటుక్కున వంగి, ఆయన్ని తాకి, ఆ చేతిని కళ్ళకద్దుకున్నాడు.

"సార్, మీరు తెల్లదొర. తన్నాక అలా చేయకూడదు" అన్నాడు అసిస్టెంటు డైరెక్టరు.

"తెలుసు బాబూ. సెయ్యి దానంతటదే ఎల్లిపోతంది."

మళ్ళీ తన్నాడు, మళ్ళీ అద్దుకున్నాడు. ఈసారి రెండు చేతులకీ తుపాకీ ఇచ్చారు. దాన్ని జాగ్రత్తగా నేలమీద పెట్టి మరీ అద్దుకున్నాడు. రైతు వేషం కట్టింది నౌపడ ఉప్పుమళ్ళలో పనిచేసే తాత. ఆయనే జాలిపడి, "పర్నేదు బాబూ, తన్ను. నేనేటీ అనుకోను" అన్నాడు.

"నువ్వనుకోవు తాతా. పాపం నాకు కదా తగిలేది."

ఆ బూట్లు విప్పించి విశాఖపట్నం నుంచి వచ్చిన ఒక కండల కుర్రాడికి తొడిగారు. మావని వెనక వరసలోకి నెట్టారు. నేను ఒక చెట్టు వెనక్కి వెళ్ళి ఏడ్చాను.

రిలీజు రోజు క్లాసంతా వచ్చింది. రావద్దని చెప్పడానికి మళ్ళీ నోరు పెగల్లేదు మరి. తెరమీద కండల కుర్రాడు తన్నగానే నా పక్కనున్న స్నేహితురాలు, "మీ మావ భలే చేశాడే, అచ్చం దొరలాగే ఉన్నాడు" అంది. దగ్గరగా చూపించినా, టోపీ నీడలో మొహం ఎవరికీ సరిగ్గా ఆనలేదు. నేను ఊరుకుంటే పరువు దక్కేది, ఊరుకున్నాను కూడా. కానీ మా ముందు వరసలోనే కూర్చున్న మావ వెనక్కి తిరిగి, హాలంతా వినబడేలా, "నేను కాదమ్మా అది. ముసిలోల్ని నేనెందుకు తంతాను" అన్నాడు.

హాలు గొల్లుమంది. ఆ ఏడాదంతా నేను క్లాసులో తలెత్తలేదు. మాట తీరు దిద్దితే చాలు, మనిషి దొర అయిపోతాడని నమ్మిన ఆ పిల్ల గుర్తొస్తే ఇప్పుడు నవ్వొస్తుంది. వెళ్ళి పక్కన కూర్చుని, తల నిమరాలనీ అనిపిస్తుంది.