క్వారీ అడుగున

మరిపెడ నుంచి వరంగల్ వచ్చే బస్సులో కూర్చుని, అక్కడి మూతపడ్డ గ్రానైట్ క్వారీలో ఆదివారం స్కూబా డైవింగ్ చేద్దామని మిత్రుడితో ఫోన్‌లో మాట్లాడాను. ఫోన్ పెట్టేయగానే పక్కసీటులోని పెద్దావిడ అడిగింది.

"అడుగు దాంక పోతరా బిడ్డా?"

"పోతామమ్మా. గాలి సిలిండర్లుంటాయి."

"మా ఆయన అండ్లనే పనిచేసిండు. బండలు కూలి మీద పడ్డయి. తీసుడు కాదని సేటు నీళ్ళు తోడే మోటర్లు బంద్ వెట్టిచ్చిండు. వానలకు క్వారీ నిండింది. ఆయన అండ్లనే ఉండిపోయిండు."

ఆమె దిగే ఊరొచ్చింది. ఆమె సంచి తీసుకుని లేచింది.

"కనవడ్డా ఎవ్వలకు చెప్పకు. గిన్నేండ్లు ఎవ్వలడిగిండ్రు?"

ఆదివారం అనుకున్నట్టే వెళ్ళాం. నీళ్ళు తేటగా ఉన్నాయని అందరూ సంబరపడ్డారు. అడుగున కూలిన బండలు కనిపించగానే నేను మొహం తిప్పుకుని పైకొచ్చేశాను. ఏం చూశావని మిత్రుడడిగాడు.

ఏమీ లేదన్నాను.