ముప్పై అయిదున్నర

పెళ్ళయిన రెండో నెలలోనే నాకు బరంపురంలో ఒక ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు టీచరు ఉద్యోగం వచ్చింది. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బళ్ళో చెప్పాల్సింది ఒడియా, నేను కెమిస్ట్రీ బట్టీ పట్టింది ఇంగ్లీషులో. మూడింటి మధ్యా ఎక్కడో ఒకచోట అర్థం కూడా ఉండే ఉంటుందని ధైర్యంగా చేరిపోయాను.

ఆ ఊళ్ళోనే గోసాని నువాగాం పేటలో మా అత్తవారి ఇంటి ముందు భాగమే కొట్టు. ఇత్తడి, రాగి, కంచు సామాను అమ్మేవారు. మామగారు చదివింది అయిదో తరగతి. గిన్నెను గోటితో మీటి, అందులో ఏం కలిసిందో చెప్పేసేవారు. కోడలు ఉద్యోగానికి వెళ్ళడం మీద ఆయనకు అభ్యంతరమేమీ లేదు. అక్కడ ఏం చెబుతోందో తనకు తెలియకపోవడమే ఆయన బాధ. నేను చెప్పులు విప్పేలోగా అడిగేవారు.

"పంతులమ్మా, ఈరోజు ఏటి సెప్పినావు?"

ఒక ఆదివారం, క్లాసు కోసం పెద్ద అట్ట మీద మూలకాల పట్టిక గీస్తూ నేల మీద కూర్చున్నాను. మామగారు కళ్ళద్దాలు పెట్టుకుని వచ్చి వంగి చూశారు.

"ఏటిది?"

"మూలకాల పట్టిక, మామయ్యా. లోకంలో ఉన్న సరుకంతా వీటితోనే తయారైంది."

"మరి ఇత్తడేది?"

"ఇత్తడి ఉండదు. అది రాగీ తుత్తునాగమూ కలిపి చేసింది కదా. ఇందులో ఉన్నవి ఏమీ కలవనివి."

"కంచు?"

"కంచూ ఉండదు, మామయ్యా."

"అయితే నా కొట్టు సగం నీ లోకంలో నేదన్నమాట."

పక్కన బియ్యం ఏరుతున్న అత్తయ్య తలెత్తకుండానే, "మీరూ నేరు కదా అందల. ఊరుకోండి," అంది.

ఆయన ఊరుకోలేదు. గడులన్నీ చదివి వినిపించమన్నారు. రాగి, వెండి, బంగారం ఒకే నిలువు వరసలో ఉన్నాయని తెలిసి సంతోషించారు. తగరం కింద సీసం ఉందని వినగానే కూర్చుండిపోయారు.

"ఇది పెట్టినోడు సరుకు తెలిసినోడే. కళాయి పూసే తగరంలో దొంగోళ్ళు సీసమే కలుపుతారు. రెండూ ఒకలాగే కరుగుతాయి, కంటికి తెలవదు."

ఒకే వరసలోవి ఒకేలా ప్రవర్తిస్తాయని నేను పరీక్షల్లో ఎన్నోసార్లు రాశాను. ఆయన ఆ సంగతితో మోసగాళ్ళను పట్టుకుంటున్నారు.

మర్నాడు క్లాసులో ఆ అట్ట వేలాడదీసి మహా ఉత్సాహంగా చెప్పాను. పరమాణువు నడుమ ప్రోటాన్లు, న్యూట్రాన్లు ఉంటాయి. చుట్టూ ఎలక్ట్రాన్లు. ప్రోటాన్లు ఎన్ని ఉంటే అదే ఆ మూలకం గుర్తు. పదిహేడు ఉంటే అది క్లోరినే, ఇంకొకటి కాదు. ప్రోటాన్ బరువు ఒకటి, న్యూట్రాన్ బరువు ఒకటి, ఎలక్ట్రాన్ బరువు లెక్కలోకి రాదు. రెండో బెంచీలో లంజిపల్లి నుంచి వచ్చే ఒక అమ్మాయి లేచి నిలబడింది.

"దీదీ, క్లోరిన్ బరువు ముప్పై అయిదున్నర అని రాశారు. ఆ అర ఎక్కడిది? ప్రోటాన్ను విరిచారా?"

పిల్లలు నవ్వారు. నేను నవ్వలేదు.

"పుస్తకంలో అలాగే ఉంది. కూర్చో."

ఆ పిల్ల బుద్ధిగా కూర్చుంది. బీయస్సీ మూడేళ్ళూ ఆ ముప్పై అయిదున్నరతో లెక్కలు చేశాను కానీ, ఆ అర ఎక్కడిదని ఒక్కసారైనా అనుకోలేదు. ఐసోటోపులు కూడా చదివాను. అయితే అవి వేరే పాఠంలో ఉన్నాయి. రెండు పాఠాలూ కలిపి ఆలోచించమని ఎవరూ నన్ను అడగలేదు.

సాయంత్రం మామగారు మామూలుగానే అడిగారు. నేను లోపలికి వెళ్ళబోయాను. ఆయన వదలకపోతే ఉన్నది చెప్పేశాను. కాసేపు గడ్డం గోక్కుని, అలమారులోంచి నాలుగు ఇత్తడి చెంబులు తెచ్చి నా ముందు పెట్టారు.

"సూడు. ఒకటేనా, వేరువేరా?"

"ఒకటే, మామయ్యా."

"ఎత్తి సూడు."

మూడు ఒకలా ఉన్నాయి. నాలుగోది కాస్త బరువు.

"అది వేరే కార్ఖానాది. అడుగు మందం. అయినా సెంబు సెంబే. నీలు అన్నింట్లోనూ అంతే పడతాయి. ఇప్పుడు నాలుగూ కలిపి తూసి, ఒక్కోటీ సగటున ఎంతో సెప్పు."

తక్కెడలో వేసి తూచి, లెక్క చేసి చెప్పాను.

"అంత తూగే సెంబు ఈ నాలుగింట్లో ఉందేటి?"

"లేదు."

"మరి నీ క్లోరిన్లోనూ ఎవుడో రెండు కార్ఖానాల సరుకు కలిపేసుంటాడు."

పరుగున వెళ్ళి పుస్తకం తీశాను. ఉంది. క్లోరిన్ రెండు రకాలు, ఐసోటోపులంటే అవే. రెండింట్లోనూ ప్రోటాన్లు పదిహేడే. ఒకదానిలో న్యూట్రాన్లు పద్దెనిమిది, ఇంకోదానిలో ఇరవై. బరువులు ముప్పై అయిదు, ముప్పై ఏడు. ప్రకృతిలో తేలికవి సుమారు మూడు వంతులు, బరువైనవి ఒక వంతు. మూడు ముప్పై అయిదులూ ఒక ముప్పై ఏడూ కూడి, నాలుగుతో భాగిస్తే ముప్పై అయిదున్నర వచ్చింది. కొట్టు గుమ్మంలో కూర్చుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

"మీరన్నదే నిజం, మామయ్యా. మూడింటికి ఒకటి."

ఆయనేమీ ఆశ్చర్యపోలేదు. "నలబై ఏళ్ళుగా తూస్తన్నాను," అన్నారు.

"అయితే రేపు బడికి ఈయన్ని పంపించీ. నువ్వు కొట్లో కూర్సో," అంది అత్తయ్య.

మర్నాడు నాలుగు చెంబులూ సంచిలో వేసుకుని రిక్షా ఎక్కాను. వరండాలో ఆ చప్పుడు విని హెడ్ మిస్ట్రెస్ ఎవరి పెళ్ళి అని అడిగారు. క్లాసులో ఆ అమ్మాయిని ముందుకు పిలిచి, "నిన్న నువ్వడిగినప్పుడు నాకు జవాబు తెలియలేదు. తెలియదని చెప్పకుండా కూర్చోబెట్టాను," అన్నాను. ఆ మాట ఒడియాలో చెప్పడానికి రాత్రంతా వాక్యం కూర్చుకున్నాను. ఆ పిల్ల చెంబులు ఒక్కొక్కటే ఎత్తి చూసింది. లెక్క తనే చేసింది. తర్వాత కూడా కూర్చోలేదు.

"దీదీ, చెంబులంటే ఎత్తి చూశాం. పరమాణువును ఎవరు ఎత్తి చూశారు?"

"తెలియదు. కనుక్కుని చెబుతాను," అన్నాను. ఈసారి అంత కష్టమనిపించలేదు.

మా కాలేజీ లెక్చరరుకు కార్డు రాస్తే పది రోజులకు జవాబు వచ్చింది. పరమాణువులకు విద్యుదావేశం ఎక్కించి అయస్కాంతం పక్కనుంచి పంపిస్తే, బరువైనవి తక్కువ వంగుతాయట, తేలికవి ఎక్కువ వంగుతాయట. అలా విడదీసి చూస్తారట. ఆ కార్డు క్లాసులో చదివాను. ఇంట్లో కూడా చదవాల్సి వచ్చింది. మామగారు రెండుసార్లు చదివించుకున్నారు.

ఆ ఏడాది చివరికి పిల్లలు నాకు లోటా దీదీ, అంటే చెంబు టీచరమ్మ, అని పేరు పెట్టారు. నాకు వినపడదనుకుని వరండాలో అనుకునేవారు. సంగతి ఇంట్లో చెబితే అత్తయ్య బియ్యం చాట పక్కన పెట్టి మరీ నవ్వింది. మామగారు మాత్రం కాస్త చిన్నబుచ్చుకున్నారు. చెంబులు తనవైతే పేరు కోడలికెలా వచ్చిందని ఆయన చాలా రోజులు అడిగారు.