రెండు రోజులు దాచిన ఒక్క లైను

శర్మిష్ఠకు స్టైల్ షీట్లు నేర్పింది నేనేనని, చేయి పట్టుకుని పైకి తెచ్చానని మా పాత ఆఫీసువాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. శుద్ధ అబద్ధం. నేర్పిందీ లేదు, చేయి పట్టిందీ లేదు. ఆ పిల్లను చూస్తే నాకు కడుపుమంట.

2005లో సంగతి. సాల్ట్ లేక్ సెక్టార్ ఫైవ్‌లో వెబ్‌సైట్లు చేసే చిన్న కంపెనీ. ఖిదిర్‌పూర్ నుంచి రెండు బస్సులు మారి వెళ్లేదాన్ని. ఆరేళ్లుగా అక్కడ ఫారాలన్నీ నావే. పేరు, చిరునామా నింపే పెట్టెలను పేజీలో తీరుగా నిలబెట్టడానికి మేము టేబుల్ వాడేవాళ్లం. అంటే కనబడని గీతలతో గళ్లు గీసి, ఒక్కో గడిలో ఒక్కోదాన్ని కూర్చోబెట్టడం. నా గళ్లలో వెంట్రుకవాసి తేడా ఉండేది కాదు. మేనేజర్ అనిమేష్‌దా కొత్తవాళ్లకు నా పేజీలే చూపించేవాడు. అక్కడి బెంగాలీలో పేరు చివర దా అంటే అన్న, దీ అంటే అక్క.

శర్మిష్ఠ చేరిన నెలకే ఆమె పేజీలు చూపించడం మొదలుపెట్టాడు. ఆమె గళ్లు గీయదు. ఏ మాట వెనక ఏ పెట్టె రావాలో ఆ వరుసలోనే రాసేసి, ఏది ఎక్కడ కనబడాలన్న సంగతంతా స్టైల్ షీట్ అనే వేరే ఫైల్లో పెడుతుంది. సగం కోడు, రెట్టింపు పొగడ్త. ఉన్న పద్ధతికి ఏం రోగమొచ్చిందని నేను ఆయనతో రోజూ వాదించేదాన్ని. ఆదివారాలు మాత్రం ఇంట్లో తలుపేసుకుని ఆ స్టైల్ షీట్లే నేర్చుకునేదాన్ని. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

అప్పుడే చూపులేని యువతకు శిక్షణనిచ్చే ఒక ట్రస్టు, దరఖాస్తు ఫారం చేసిపెట్టమంది. చెరొకటి చేయండి, ఎవరిది నెగ్గితే సైటంతా వాళ్లదే అన్నాడు అనిమేష్‌దా. పరీక్షించడానికి ట్రస్టువాళ్లు పంపినతని పేరు అప్పన్న. వాళ్ల టెలిఫోన్ ఆపరేటరు, గార్డెన్ రీచ్‌లో ఉండే తెలుగువాడు. పుట్టుకతోనే చూపు లేదు. ఆ శిక్షణకు తనూ దరఖాస్తు పెట్టుకుంటున్నాడు. నా బెంగాలీ రెండు ముక్కలు వినేసరికే తెలుగుదాన్నని పట్టేశాడు.

"ఇన్నాళ్లూ నా పారం ఎవులో ఒకలు నింపినోరే అక్కా. ఈపాలి నానే నింపుతాను," అన్నాడు.

అతని కంప్యూటర్లో స్క్రీన్ రీడర్ ఉంది. తెర మీది మాటలను పైకి చదివే సాఫ్ట్‌వేర్ అది. నా ఫారంలో పై వరుసలో పేరు, తండ్రి పేరు, ఫోన్ అని మూడు మాటలు, కింది వరుసలో మూడు పెట్టెలు. కంటికి ముచ్చటగానే ఉండేది. చెవికి మాత్రం ముందు మూడు మాటలు గడగడా వినబడి, ఆ తర్వాత ఉత్త పెట్టె, పెట్టె, పెట్టె. ఏది దేనిదో తెలియదు.

"మా అయ్య పేరు కాడ ఫోన్ నెంబరు పడిపోనాదేటి? ఎనిమిదంకెల అయ్య నాకు," అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

శర్మిష్ఠ ఫారాన్ని చివరిదాకా ఒక్కడే నింపాడు. బటన్ కూడా తనే వెతికి నొక్కాడు.

అయితే ట్రస్టు ఆఫీసులో ఉన్నది పాత బ్రౌజరు. అందులో ఎడమ మార్జిన్ రెట్టింపై, శర్మిష్ఠ పెట్టెలన్నీ కిందికి జారిపోయాయి. పాపం, ఎంత పెనుగులాడినా దారికి రాలేదు. చివరికి నా సీటు దగ్గరికొచ్చింది.

"లక్ష్మీదీ, ఇలాంటిది మీరెప్పుడైనా చూశారా?"

చూశాను. ఆదివారాల చదువులో అదే నన్ను మూడు వారాలు ఏడిపించింది. ఒక్క లైను చేరిస్తే కుదురుకుంటుంది.

"లేదు," అన్నాను.

రెండు రోజుల తర్వాత ట్రస్టు ఆఫీసులో మీటింగు. కార్యదర్శి రెండు ఫారాలూ తెరిచి చూశాడు. టేబుల్‌తో చేసిందే శుభ్రంగా ఉంది, అదే పెట్టండి, పిల్లల పక్కన ఎవరో ఒకరు కూర్చుని నింపుతారులే అన్నాడు. నేను గెలిచాను. అనిమేష్‌దా నా వైపు చూసి తలూపాడు కూడా.

మీటింగులోనే ఉన్న అప్పన్న నేను కూర్చున్న వైపు తిరిగి మెల్లగా అడిగాడు.

"అక్కా, ఆ రెండోదానికేటి చెడిపోనాది? నాకైతే ఏటీ చెడనేదు."

శర్మిష్ఠ ముందున్న కీబోర్డు లాక్కుని ఆ లైను కొట్టాను. పెట్టెలు వాటి చోట్లకి ఎక్కి కూర్చున్నాయి. కార్యదర్శి మనసు మార్చుకున్నాడు. సైటు శర్మిష్ఠకు వెళ్లింది. ఆ వారంలోనే అప్పన్న తన ఫారం తనే నింపుకున్నాడు.

ఫారానికి అందం గీతల్లో లేదనీ, అడిగే వరుసలో ఉందనీ ఆ పనితో నాకు తెలిసింది. ఆ తర్వాత కొత్త పేజీ ఏది చేసినా కళ్లు మూసుకుని ఒకసారి వినేదాన్ని. అసూయ మనిషిని తినేస్తుందంటారు. నన్నూ తిన్నది, కాదనను. కానీ స్టైల్ షీట్లు నేర్పింది కూడా అదే.

ఆ రోజు శర్మిష్ఠ ఆ లైను వైపు చూసింది, నా మొహం చూసింది, "థాంక్యూ, దీ" అంది. అంతే. తర్వాత నాలుగేళ్లు నా పక్క సీట్లోనే కూర్చుంది. రోజూ కలిసి టీ తాగాం. రెండు రోజుల ముందు లేదన్న మనిషికి ఆ లైను ఒక్క క్షణంలో ఎలా తెలిసిందని ఆమె ఒక్కసారైనా ఎందుకు అడగలేదు?