శని, ఆదివారాల తనిఖీ

ఆ రోజుల్లో నాకు మనుషుల మాటకన్నా నా నోటుపుస్తకం మీదనే నమ్మకం ఎక్కువ. ఉద్యోగం గోపన్‌పల్లి బస్తీలోని చిన్న సహకార బ్యాంకులో. రెండు గదులు, ఒక ఇనుప బీరువా, కూలీనాలీ చేసుకునే సభ్యులు. జీతం కాగితం లేదని పెద్ద బ్యాంకులు గుమ్మంలోనే తిప్పి పంపినవారికి మేము అప్పు ఇచ్చేవాళ్ళం. పొరుగువారు ఇద్దరు వచ్చి మంచి మనిషని చెబితే చాలు, అదే పూచీ. (ఈ పద్ధతి నాకు శాస్త్రీయంగా తోచేది కాదు.)

ఒక శుక్రవారం, బస్తీ అంతా ఇడ్లీ అక్క అని పిలిచే సభ్యురాలు కొత్త బండికోసం పదిహేను వేలు అడిగింది. సాఫ్ట్‌వేర్ కంపెనీ గేటు ఎదుట ఆమె పాత బండి ఇరుసు విరిగి ఇటుకల మీద నిలబడి ఉంది. సోమవారానికి మంచి బండి రాకపోతే ఆ చోటు మరొకరికి పోతుందని గేటు వాచ్‌మన్ చెప్పేశాడట.

వ్యాపారం కళ్ళారా చూడనిదే సంతకం పెట్టనన్నాను. "శనారం, ఐతారం ఏం చూస్తవు సారూ?" అని ఆమె నసిగింది. భయపడుతోందని నిర్ధారించుకొని, పట్టుబట్టి బండి పెట్టించి, రెండు రోజులు ఎండలో కూర్చున్నాను. పెట్టిన ఇడ్లీలు ఎనభై, అమ్ముడైనవి తొమ్మిది, వాటిలో ఆరు నేనే తిన్నాను (డబ్బు ఇచ్చే లెండి).

ఆదివారం సాయంత్రం బ్యాంకు కమిటీ ముందు నా నివేదిక గంభీరంగా చదివాను. అధ్యక్షురాలైన పెద్దమ్మ చివరిదాకా విని, "కంపెనీ బందున్నప్పుడు లెక్క పెట్టినవా బిడ్డా? ఐతారం బడికి పోయి పిల్లలే లేరని రాసినట్టుంది!" అంది. గది గదంతా నవ్వింది. ఆ నవ్వుల్లోంచి, పూచీకి వచ్చిన పొరుగామె ఒకతె లేచి ఇడ్లీ అక్కను చూపించింది: "నా కోడలు దవాఖానల ఉంటే పది దినాలు మా ఇంటికి తిండి పంపింది ఈమె. గా సంగతి నీ పుస్తకంల ఏ గడిల రాస్తవు సారూ?"

అటువంటి గడి లేదు. సంతకం పెట్టాను.

సోమవారం ఉదయం కొత్త బండి చుట్టూ మెడలో కార్డులు వేసుకున్న జనం మూగి ఉన్నారు. నాకు లెక్కించడానికి సందు దొరకలేదు. "ముందే గట్టిగా చెప్పలేకపోయావా అక్కా?" అన్నాను నిష్ఠూరంగా. "చెప్పిన గద సారూ. నువ్వు రాసుకుంటుంటివి."

ఎండలో కూర్చుని లెక్క గీతలు గీసుకుంటున్న ఆ కుర్రవాడి (అంటే ఆనాటి నా) పక్కకు వెళ్ళి, తల ఎత్తి ఆవిడ మాట వినవయ్యా అని చెప్పాలని ఇప్పటికీ నాకు అనిపిస్తుంది. వినడు. ఆ మాటను మాత్రం తేదీ వేసి, శ్రద్ధగా రాసుకుంటాడు.