జహ్రా తొట్టిలో వాలుగ

మొన్న చేపల బజారులో ఒక పెద్ద వాలుగ బురద వాసన ముక్కుకు తగిలింది. వెంటనే 1990 నాటి కువైట్, ఇరాక్ ట్యాంకులు, ఓబులేసు చిన్నాయన వరుసగా వచ్చి నిలబడ్డారు. కాబట్టి మీకొక వీరగాథ చెప్పబోతున్నాను. సైన్యం ఉంది, తుపాకి ఉంది, రాక్షసుడున్నాడు. నిజం చెప్పాలంటే రాక్షసుడు చేప, వీరుడు తోటమాలి, నేను కోడిపేగులు పట్టుకున్నవాణ్ణి.

చిన్నాయనది కడప దగ్గర పెన్న ఒడ్డు. కువైట్‌లోని జహ్రాలో మా కఫీల్‌కు, అంటే మా అరబ్బు యజమానికి, ఒక తోట ఉండేది. చిన్నాయన దానికి మాలి, నేను డ్రైవర్ని. కఫీల్ ఎప్పుడో ఇరాక్‌లోని బస్రా నుంచి బకెట్లో తెచ్చి తోట నీళ్ల తొట్టిలో వదిలిన మీసాల చేప, మన వాలుగకు దాయాది, నా అంత ఎత్తు పెరిగింది. నేను పొట్టివాణ్ణే లెండి. చిన్నాయన రోజూ దాన్ని చూసి నిట్టూర్చేవాడే గాని, యజమాని సొత్తు గనక గాలం వేయలేదు. ఇరాక్ సైన్యం వచ్చాక కఫీల్ కుటుంబంతో సౌదీకి పోతూ, "ఇంట్లో ఉన్నదంతా తినండి" అన్నాడు. పిండి అయిపోయి, చివరి కోడిని కూడా కోసిన రోజు, చిన్నాయన ఆ మాట చేపకూ వర్తిస్తుందని తీర్మానించాడు. మాకు మిగిలిన ఆశల్లా షెడ్డులోని పికప్. కాస్త తిండి సర్దుకుని అందులో జోర్డాన్ దారి పట్టాలి. సైనికులేమో కనిపించిన బండినల్లా పట్టుకుపోతున్నారు.

మాంసం కొక్కేనికి పేగులు గుచ్చి వదిలిన కాసేపటికే తాడు బిగిసింది.

"వాలుగ అని పేరెత్తొద్దురా. పెద్దాయన అను. ఇనిందంటే పోతాది."

"దానికి తెలుగు రాదు చిన్నాయనా, బస్రాది."

"మూసుకోని పేగులు పట్టుకో."

సరిగ్గా అప్పుడే ఒక ఇరాక్ సైనికుడు గేటు తోసుకుని వచ్చి, తుపాకి నా వైపు తిప్పి బండి తాళం అడిగాడు. తాళం నా జేబులో ఉంది. నేను పేగులున్న చేత్తోనే జేబు మూసుకున్నాను. చిన్నాయన తల కూడా తిప్పలేదు. "తాల్, తాల్" అని అరబ్బీలో రమ్మని పిలిచి, తాడు కొస అతనికి అందించాడు. సైనికుడు నీళ్లలోకి చూశాడు. తుపాకిని ఖర్జూర చెట్టుకు ఆనించాడు.

"అట్ల గుంజొద్దు నాయనా, తెగుతాది. వదులు. ఆఁ, ఇప్పుడు పట్టు."

అంతా కడప తెలుగే. అతను నది ఒడ్డున పుట్టినవాడట, అన్నీ అర్థమయ్యాయి.

చేప ఒడ్డున పడ్డాక చిన్నాయన సగం కోసి అతని ముందు పెట్టాడు. పెన్న దగ్గర తాడు మీద చెయ్యి వేసినవాడికి భాగం ఇవ్వాల్సిందే.

"తుపాకి పట్టుకోనొచ్చినోడికి భాగమేంది?" అని గొణిగాను.

"తాడు పట్టుకున్యాడు గదరా."

సైనికుడు తన సగాన్ని భుజాన వేసుకుని, తుపాకి తీసుకుని, తాళం సంగతి ఎత్తకుండా వెళ్లిపోయాడు. అతను మలుపు తిరిగాడో లేదో, చిన్నాయన పరుగున పోయి గేటుకు గొళ్లెం పెట్టాడు.

ఆయన పోయి చాలాకాలమైంది. ఇప్పటికీ ఎవరైనా కోపంగా నా గుమ్మం తొక్కితే, ముందు వాళ్ల చేతికి ఏదో ఒక పని ఇస్తాను. ఉల్లిపాయలు ఒలవడమైనా సరే.

మర్నాడు ఉదయం పికప్ తాళం తిప్పాను. బ్యాటరీ డౌన్. జోర్డాన్‌కు బస్సులో వెళ్లాం.