నీళ్లు కదపని మనిషి

ఏలూరు బస్టాండు దగ్గర నాకు నెట్ సెంటర్ ఉన్న రోజుల్లో, కలిదిండి నుంచి మధ్యాహ్నం బస్సులో ఒక చేపల చెరువుల ఆసామి వచ్చేవారు. కిటికీ పక్క కంప్యూటరే కావాలి ఆయనకి. ఎక్కడెక్కడివాళ్లతోనో డబ్బుకి బదులు ఉత్తుత్తి చిప్స్ పందెం కాస్తూ పోకర్ పేకాట ఆడేవారు. ఆయన చొక్కాకున్న చెరువు వాసన ఫ్యాను గాలికి గదంతా తిరుగుతుంటే, నా నాలుగు గోడలూ కొల్లేటి మీద తేలుతున్నట్టుండేది.

గొప్ప ముక్కలు పడితే ఆయన పందెం పెంచేవారు కాదు. మౌస్ మీంచి చెయ్యి తీసేసి, "ఏవున్నాయండీ, ఏదో ఉన్నాయి" అని నీరసంగా నిట్టూర్చేవారు. అవతలివాళ్లకి ఆ నిట్టూర్పు వినపడదండీ అంటే నవ్వేవారు.

"చేప దగ్గరికొస్తున్నప్పుడు నీళ్లు కదపకూడదండీ."

ఆయన దగ్గర ఏమీ లేదనుకుని వాళ్లే పందెం పెంచుకుంటూ వచ్చేవారు. ఆఖర్న మూడు రాజులు మెల్లగా పైకి తేలేవి. చెరువులో చేపలు బాగా ఎదిగిన ఏడు కూడా ఆయనది అదే మాట: "ఏవున్నాయండీ, ఏదో ఉన్నాయి."

ఒకరోజు విజయవాడ ఆసుపత్రి నుంచి తిన్నగా వచ్చారు, చేతిలో పెద్ద కవరుతో.

"రిపోర్టు ఎలా ఉందండీ?" అన్నాను.

"బ్రహ్మాండంగా ఉందండీ!" అన్నారు, గది దద్దరిల్లేలా.

నేను సంబరపడి టీ తెప్పించాను.

ఆ తర్వాత కలిదిండి బస్సులు వచ్చాయి, ఆయన రాలేదు. కిటికీ పక్క కుర్చీని చూస్తూ కూర్చున్న ఒక మధ్యాహ్నం నాకు తట్టింది. అన్నేళ్లలో, బాగున్నదాన్ని బాగుందని ఆయన ఒక్కసారీ అనలేదు.