సుజాత మస్కట్‌లోనే ఉంది

దెయ్యాలంటే నాకెప్పుడూ నమ్మకం లేదు. బంధువుల్లో ఎవరైనా అలాంటి మాటలు మొదలుపెడితే లేచి వంటింట్లోకి వెళ్లిపోయే రకం నేను. పైగా నేను చెప్పబోయేది చనిపోయిన మనిషి గురించి కాదు. సుజాత నిక్షేపంగా ఉంది, మస్కట్‌లో, భర్తతో.

అండమాన్‌లో, పోర్ట్‌బ్లెయిర్ లంబాలైన్ పేటలో మాదొక చిన్న ట్రావెల్ ఆఫీసు. యజమాని మేడమ్‌కి క్యాబిన్, బయట రెండు టేబుళ్లు. గోడ పక్కది నాది, కిటికీ పక్కది సుజాతది. ఇద్దరం ఇక్కడే పుట్టాం. ఇద్దరి తాతలూ శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్లే. ఉద్యోగంలో కూడా ఇంచుమించు ఒకేసారి చేరాం.

సుజాత భర్తకి మస్కట్‌లో ఉద్యోగం వచ్చింది. రాజీనామా ఇవ్వడానికి తను క్యాబిన్‌లోకి వెళ్లినప్పుడే నా కళ్లు ఆ కిటికీ మీద పడ్డాయి. తన సీనియర్ పోస్టు ఇక నాదే అనుకున్నాను. తనేమో నవ్వుకుంటూ బయటికొచ్చింది.

"మేడమ్ ఒప్పుకోలేదే! లాప్‌టాప్ పట్టుకెళ్లి అక్కణ్ణుంచే చెయ్యమన్నారు. జీతం కూడా అదేనంట."

సంతోషం అన్నాను. ఆ పూట అన్నం సహించలేదు.

తర్వాత రోజూ అదే. వీడియోలో తన వెనక కొత్త కర్టెన్లు, చేతిలో కాఫీ. ఇక్కడ కౌంటర్లో తిట్లు తినేది నేను, వాన నీళ్లు తుడిచేది నేను. "సుజాత ఉంటే నాకు నిశ్చింత" అనేవారు మేడమ్. అమ్మకి బాగోలేనప్పుడు ఇంటినుంచి పనిచేస్తానని అడిగితే, "కౌంటర్లో మనిషుండాలి కదమ్మా" అన్నారు. తప్పేం కాదు. కానీ కడుపు మండింది. పోనీ ఆ టేబుల్ ఇమ్మన్నాను. "అది సుజాతది, ఉండనీ" అన్నారు.

వానాకాలంలో ఒక మధ్యాహ్నం మేడమ్ బ్యాంకుకి వెళ్లారు. సుజాత జ్వరమని సెలవు పెట్టింది. ఆఫీసులో నేనొక్కదాన్నే. ఒక టూర్ గ్రూపు హోటళ్లు మార్చాల్సి వచ్చి, భోజనానికి కూడా లేవలేదు. ఎవరూ రాలేదు. మా గాజు తలుపు తీస్తే గంట మోగుతుంది. అది మోగలేదు.

మర్నాడు మాయాబందర్ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ లోపలికొచ్చింది. చేతిలో కొబ్బరి లౌజు డబ్బా.

"ఆ దీదీ ఏదమ్మా? నిన్న కిటికీ కాడ కూకుంది. ఇదిచ్చి పోదామని వచ్చినాను."

వాళ్లాయనకి గుండె ఆపరేషనట. వెంటనే చెన్నై వెళ్లాలి. తిరిగిన చోటల్లా విమానంలో సీట్లు లేవన్నారట. "ఏడుత్తా ఇటొచ్చినాను. 'రోనా మత్ చాచీ, అయిపోద్ది' అని నన్ను కూకోబెట్టింది. సీట్లు ఎక్కడ దొరికించిందో గానీ, బహుత్ అచ్ఛీ పిల్ల." అంటూ సంచీలోంచి టికెట్లు తీసింది.

అవి మా ఆఫీసు కాగితం మీదే ఉన్నాయి. బుక్ చేసిన పేరు సుజాతది. ప్రింటర్ నా మోచేతి పక్కనే ఉంటుంది, కాగితం తీస్తే గోల చేస్తుంది. నేను వినకపోవడం జరగదు.

మేడమ్ గోడ మీది గ్రూప్ ఫోటో చూపించారు. ఆవిడ వేలు నేరుగా సుజాత మీద పెట్టింది.

సుజాత మస్కట్‌లో ఉందని ఆవిడకి చెప్పి, అప్పటికప్పుడు వీడియో కాల్ చేశాం. సుజాత జుట్టు రేగి, మొహం పీక్కుపోయి ఉంది. "నిన్న లాప్‌టాపే తెరవలేదు మేడమ్. లేచి కూర్చునే ఓపిక కూడా లేదు" అంది.

పెద్దావిడ ఫోన్లోకి వంగి చూసింది. "ఈ పిల్లే! ఒక్క రోజులో అంత దూరం ఎలాగెళ్లిపోయింది?"

నాకు భయమేసింది. మేడమ్ కళ్లలో మాత్రం నీళ్లు తిరిగాయి. "చూశావా, ఎక్కడున్నా దాని మనసు ఇక్కడే" అన్నారు. ఆ మాటకి భయం పోయి కోపం వచ్చింది నాకు.

"మరి నేను కనిపించలేదా చాచీ? నిన్నంతా ఇక్కడే ఉన్నాను."

ఆవిడ నన్ను చూసింది, నా కుర్చీని చూసింది. "నేదమ్మా. ఆ కుర్చీ ఖాళీగుంది. ఇంకెవరూ నేరా అనడిగినాను కూడా. 'నేనొక్కదాన్నే చాచీ' అని నవ్వింది."

ఆ టికెట్లు నిజమైనవే. భార్యాభర్తలిద్దరూ వెళ్లారు, ఆపరేషన్ బాగా జరిగింది. మా కంప్యూటర్లు చూసే అతణ్ణి పిలిపించి మేడమ్ విచారించారు. బుకింగ్ మస్కట్ నుంచి జరగలేదు, మా ఆఫీసులోనే జరిగిందన్నాడు. ఆ మధ్యాహ్నం తెరిచి ఉన్న కంప్యూటర్ ఒక్కటే, నాది. నేను చేసిన హోటల్ మార్పులు కూడా అందులో వరసగా, ఎక్కడా తెగకుండా ఉన్నాయి.

సుజాత ఇప్పటికీ అక్కణ్ణుంచే పనిచేస్తోంది. ఈ సంగతి తను ఎప్పుడో మర్చిపోయింది. నేనే మర్చిపోలేకపోతున్నాను. సముద్రం దాటి తను ఎలా వచ్చిందన్నది నాకు తెలీదు, తెలుసుకోవాలనీ లేదు. ఆ మధ్యాహ్నం నేను ఎక్కడ ఉన్నానో, అది ఎవరైనా చెబితే చాలు.